కడుపులో అతుకులు: కత్తెర ఎప్పుడు, ఓపిక ఎప్పుడు?

“లోపల పేగులు అతుక్కుపోయాయట, మళ్లీ ఆపరేషన్ చేయాలంటున్నారు. చేయించాలా, వద్దా?”

హైదరాబాద్‌లో ఆరోగ్యం గురించి రాసేవాళ్లకి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఫోన్ చేసినవాళ్ల ఇంట్లో ఎవరికో ఎప్పుడో ఇరవైనాలుగు గంటల కడుపునొప్పికి ఆపరేషన్ అయి ఉంటుంది. లేదంటే రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే అయి ఉంటాయి, గర్భసంచి తీసేసి ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దానికి కు.ని. ఆపరేషన్లు కలిపితే, పొట్ట మీద కుట్ల గుర్తు లేని ఆడవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఒకటి తెలియాలి. లోపల అతుకులున్నాయన్నంత మాత్రాన మళ్లీ కోయక్కర్లేదు. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ల తర్వాత చాలా ఎక్కువ మందికి, కొన్ని లెక్కల్లో నూటికి తొంభై మందికి పైగా, ఎంతో కొంత అతుకులు వస్తాయి. వాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం వాటి సంగతే తెలియదు. డాక్టర్‌ని అడగాల్సిందల్లా ఆ అతుకులు ఇప్పుడు ఏం చేస్తున్నాయని. పేగు దారి మూసేశాయా? నొప్పి పెడుతున్నాయా? కడుపు పండకుండా అడ్డుపడుతున్నాయా? ఈ మూడింటికీ జవాబులు వేరు. ఒకదానికి సరైన సలహా ఇంకోదానికి పనికిరాదు.

అసలు ఇవి ఎలా పుడతాయో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. పేగుల మీదా, పొట్ట గోడకి లోపలివైపూ ఒక పల్చటి నున్నటి పొర ఉంటుంది. ఆపరేషన్‌లో అది గీసుకున్నా, ఎండినా, రక్తం నిలిచినా, చీము పట్టినా గంటల్లోనే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురులాంటి పదార్థం చేరుతుంది. మామూలుగా కొన్ని రోజుల్లో శరీరమే దాన్ని కరిగించేస్తుంది. కరగకుండా మిగిలితే అందులోకి కణాలు చేరి కొల్లాజెన్ అనే గట్టి పీచు అల్లుతాయి, రక్తనాళాలు కూడా పెరుగుతాయి, చివరికి అది గట్టి పట్టీ అయిపోతుంది. సర్జన్ల చేతి తొడుగులకి పూసే పిండి వల్ల కూడా అతుకులు పుట్టేవి. అమెరికా పౌడర్ తొడుగుల్ని 2017లో నిషేధించడానికి చూపిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇక్కడ మర్చిపోకూడని సంగతి ఏమిటంటే, అతుకుల్ని విడదీయడం కూడా ఆపరేషనే. విడదీసినచోట మళ్లీ పుట్టే అవకాశం ఉంటుంది.

ఇంకో అపోహ కూడా ఉంది, ఏడాది గడిస్తే గండం గడిచినట్టేనని. స్కాట్లండ్‌లో 1986లో పొట్టకీ, పొత్తికడుపుకీ కోత ఆపరేషన్లు అయిన దాదాపు 30 వేల మందిని పదేళ్లపాటు గమనించారు. మూడో వంతు మంది అతుకుల వల్ల గానీ, అతుకులు కారణం కావచ్చనిపించే ఇబ్బందితో గానీ, అతుకులు కష్టపెట్టగల మరో ఆపరేషన్ కోసం గానీ సగటున రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. నేరుగా అతుకులే కారణమని తేలినవి వాటిలో కొద్దిశాతమే. కానీ ఆ చేరికలు మొదటి ఏడాదితో ఆగలేదు, పదేళ్లూ సాగాయి. అందుకే పాతికేళ్ల కిందటి అపెండిక్స్ ఆపరేషన్ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

పేగు మూసుకుపోతే: ఆగి చూడాలా, వెంటనే కోయాలా

మూడింటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం. కడుపులో నొప్పి అలలు అలలుగా వచ్చి పోతుంది. వాంతులు పచ్చగా అవుతాయి. పొట్ట ఉబ్బుతుంది. విరేచనం ఆగిపోతుంది, గ్యాస్ కూడా కిందికి పోదు. పాత ఆపరేషన్ గుర్తు ఉన్న మనిషికి ఈ నాలుగూ కలిసి వస్తే గ్యాస్ మాత్ర వేసి, సోడా తాగించి పడుకోబెట్టే పని కాదు. ఆముదం అసలు పట్టించొద్దు. దారి మూసుకున్న పేగుని ఇంకా గట్టిగా తోయడం తప్ప అది చేసేదేమీ ఉండదు. పేగు మడతపడిందని పొట్ట తోమించడం కూడా అంతే. నోటితో ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్, రాత్రిపూట కూడా సర్జన్ ఉండే ఆసుపత్రికి వెళ్లాలి. వీధి చివరి నర్సింగ్‌హోమ్‌లో రాత్రంతా సెలైన్ ఎక్కించి పొద్దున పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. పోయేది ఆ రాత్రి సమయమే.

ఆసుపత్రికి చేరాక రెండు దారులుంటాయి. మొదటిది ఆపరేషన్ లేకుండా చూడటం. ముక్కు నుంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి లోపలున్నదంతా బయటికి తీస్తారు, నోటికి ఏమీ ఇవ్వరు, సెలైన్‌తో నీళ్లూ లవణాలూ సర్దుతారు. అతుకుల వల్ల మూసుకున్న పేగు ఇలా తనంతట తనే తెరుచుకోవడం చాలా మామూలు. బోలోన్యా మార్గదర్శకాలనే అంతర్జాతీయ సర్జన్ల సలహాల 2017 కూర్పు ప్రకారం నూటికి 70 నుంచి 90 మందికి ఇది సరిపోతుంది. ప్రమాద సూచనలు లేకపోతే 72 గంటల దాకా ఆగి చూడొచ్చని కూడా అందులో ఉంది.

“మూడు రోజులుగా ఊరికే పడుకోబెట్టారు, ఏమీ చేయడం లేదు” అని డాక్టర్ల మీద విరుచుకుపడే బంధువులు గాంధీలోనూ కనిపిస్తారు, కార్పొరేట్ ఆసుపత్రి లాబీలోనూ కనిపిస్తారు. ఊరికే పడుకోబెట్టడం కూడా ఇక్కడ వైద్యమే. కాకపోతే పక్కనే ఉండి చూస్తూ ఉండాలి. రోజుకి ఒకటికి రెండుసార్లు సర్జన్ వచ్చి పొట్ట నొక్కి చూడాలి, నాడి, జ్వరం, మూత్రం లెక్క రాయాలి, రక్తపరీక్షలు మళ్లీ చేయాలి. అవి జరగకుండా మూడు రోజులు గడిస్తే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

మధ్యలో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కడుపు ఖాళీ చేశాక ట్యూబులోంచి గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే మందు పంపి, తర్వాత ఎక్స్‌రే తీస్తారు. 24 గంటల్లో ఆ మందు పెద్దపేగుకి చేరితే ఆపరేషన్ లేకుండానే గట్టెక్కే అవకాశం చాలా ఎక్కువ. చేరకపోతే ఆపరేషన్ వైపు మొగ్గు పెరుగుతుంది. “గ్యాస్ట్రోగ్రాఫిన్ పెట్టి చూశారా, సర్?” అని మర్యాదగా అడిగితే ఏ సర్జన్ కూడా తప్పుపట్టడు.

రెండో దారి వెంటనే ఆపరేషన్. నొప్పి వచ్చి పోవడం మానేసి ఆగకుండా ఉందంటే, జ్వరం, గుండెదడ వచ్చాయంటే, పొట్ట చెక్కలా బిగిసిందంటే, సీటీలో పేగుకి రక్తం అందడం లేదనో రెండువైపులా బిగుసుకుందనో రాశారంటే ఇక ఆగి చూడటం లేదు. నీళ్ల గొట్టాన్ని రెండుచోట్ల తొక్కిపెట్టినట్టు పేగు రెండువైపులా మూసుకుంటే లోపలిది ముందుకీ వెనక్కీ పోలేక ఉబ్బి, రక్తం అందక కుళ్లిపోతుంది. అప్పుడు అతుకు కోస్తే సరిపోదు, పేగు ముక్క తీసేయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఆగే గడువు తగ్గుతుంది, ఆలస్యమైతే వాళ్ల కిడ్నీలు తొందరగా దెబ్బతింటాయి. గర్భిణికి ఒకప్పుడు పొట్ట ఆపరేషన్ అయి ఉంటే, నెలలు నిండుతున్నప్పుడు వచ్చే నొప్పీ వాంతులూ వేవిళ్లేనని కొట్టిపారేయొద్దు.

ఈ రెండిట్లో ఏది మేలు అంటే, ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటిదే నా ఓటు. దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, కాదనలేం. కెనడాలోని ఆంటారియోలో వేలమంది రికార్డులు చూస్తే, ఆపరేషన్ లేకుండా తగ్గినవాళ్లలో అయిదేళ్లలో మళ్లీ మూసుకున్నది సుమారు నూటికి 21 మందికి. ఆపరేషన్ చేసినవాళ్లలో 13 మందికి. తేడా ఉన్న మాట నిజమే. కానీ దాన్ని తిరగేసి చూస్తే, ఆపరేషన్ లేకుండా బయటపడ్డవాళ్లలో నూటికి దాదాపు 80 మందికి ఆ అయిదేళ్లలో పేగు మళ్లీ మూసుకోనేలేదు. రెండోసారి, మూడోసారి వస్తున్నవాళ్ల లెక్క వేరు. ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు కూర్చుని ఆపరేషన్ గురించి మాట్లాడుకోవడం వాళ్లకి న్యాయం.

కీహోలా, కోతా?

ఆపరేషన్ తప్పదని తేలాక ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. కీహోల్ అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసే ఆపరేషన్ (లాపరోస్కోపీ). దానితో కోత చిన్నది, నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా వెళ్లొచ్చు. ఫిన్లాండ్, ఇటలీల్లో చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో కీహోల్ వాళ్లు సగటున 4.2 రోజులు, కోత వాళ్లు 5.5 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కానీ ఆ పరీక్షకి ఎంచుకున్నది ఒకే పట్టీ వల్ల మూసుకున్నట్టు అనిపించినవాళ్లనే. ఒకసారి అపెండిక్స్ మాత్రమే తీయించుకుని, పొట్ట మరీ ఉబ్బనివాళ్లకి కీహోల్ బాగా నప్పుతుంది. బొడ్డు మీదుగా నిలువుకోత పడ్డవాళ్లకీ, రెండుమూడు ఆపరేషన్లు అయినవాళ్లకీ లోపల అంతా కలగలిసిపోయి ఉంటుంది. ఉబ్బిన పేగుల మధ్య పనిముట్టు కదపడానికే చోటు ఉండదు, పేగుకి చిల్లు పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ చిల్లు ఎవరి కంటా పడకపోతే రెండుమూడు రోజుల్లో పొట్టంతా చీము పడుతుంది.

కాబట్టి కీహోల్ చేస్తారా లేదా అన్నదానికన్నా, అవసరమైతే కోతకి మారడానికి సర్జన్ సిద్ధంగా ఉన్నారా అన్నది చూడండి. మధ్యలో కోతకి మారడం సర్జన్ ఓడిపోవడం కాదు. “ఎట్టి పరిస్థితుల్లోనూ కోత పడదు” అని ముందే మాటిచ్చేవాళ్ల దగ్గర నాకైతే కాస్త అనుమానమే.

నొప్పి మాత్రమే ఉంటే

ఇక్కడ నా సలహా ఆపరేషన్‌కి దూరంగా ఉండమనే. కారణాలు రెండు.

ఒకటి, ఆ నొప్పి అతుకులదేనని తేల్చడం కష్టం. పల్చటి అతుకులు అల్ట్రాసౌండ్‌లో గానీ, సీటీలో గానీ సరిగ్గా కనిపించవు. స్కానింగ్ నార్మల్ అని వస్తే, మిగిలింది అతుకులేనని అనుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. కుట్ల దగ్గరే ఒక వేలు పెట్టగలిగినంత చోట నొప్పి ఉందనుకోండి. వెల్లకిలా పడుకుని, ఆ చోట వేలు నొక్కి ఉంచి, తల భుజాలు కొంచెం పైకి లేపాలి. నొప్పి పెరిగితే అది లోపలి పేగుల్లోంచి కాక పొట్ట గోడలోంచి, చాలాసార్లు అక్కడ నలిగిన నరంలోంచి వస్తూ ఉండొచ్చు. దానికి ఆ చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు, ఆపరేషన్ గది దాకా పోనక్కర్లేదు. సిజేరియన్ కుట్ల దగ్గర గడ్డలా తగిలి నెలసరి రోజుల్లో ఎక్కువవుతుంటే అక్కడ ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉందేమో చూడాలి. దగ్గితే పైకి ఉబికొస్తే హెర్నియా. బరువు తగ్గుతూ సాయంత్రాలు జ్వరం వస్తుంటే మన దేశంలో పేగుల టీబీని మర్చిపోకూడదు. అది కూడా పేగుని ఇరుకు చేస్తుంది, దానికి మందులున్నాయి. అవేవీ కాకపోతే ఐబీఎస్, అంటే పేగుల కదలిక గాడి తప్పి వచ్చే నొప్పి, కావచ్చు.

రెండో కారణం ఇంకా గట్టిది. నెదర్లాండ్స్‌లో అతుకులు ఉండి దీర్ఘకాలం నొప్పి పడుతున్న 100 మందిని తీసుకున్నారు. అందరికీ కీహోల్ పెట్టి చూశారు. సగం మందికి అతుకులు విడదీశారు, మిగతావాళ్లకి ఊరికే చూసి మూసేశారు. ఎవరికి ఏం చేశారో వాళ్లకి చెప్పలేదు. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, సమానంగా. 2003లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం చాలామంది సర్జన్ల ఆలోచన మార్చింది. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ఆరా తీస్తే, అతుకులు విడదీయించుకున్నవాళ్ల పరిస్థితే మెరుగ్గా లేదు. నొప్పి, మళ్లీ ఆపరేషన్లు వాళ్లలోనే ఎక్కువ.

అలాగని మీ నొప్పి అబద్ధమని ఎవరూ అనడం లేదు. “స్కాన్‌లో ఏం లేదు కదా, మనసుకి పట్టించుకుంటున్నావు” అని ఇంట్లో అనిపించుకున్న ఆడవాళ్లు ఎంతోమంది. నరాల నొప్పి మందులు, ఫిజియోథెరపీ, పెయిన్ క్లినిక్, మలబద్ధకం సరిచేయడం లాంటివి వరుసగా ప్రయత్నించాలి. ఒక్కో దానికి వారాలు పడుతుంది, అదే చిరాకు. మధ్యలో ఎవరో అతుకులు కరిగించే మాత్రలున్నాయంటారు. వాపు తగ్గడానికి రాసే ఎంజైమ్ మాత్రలు గట్టిపడిన పాత అతుకుల్ని కరిగిస్తాయనడానికి ఆధారం లేదు. పొడులూ కషాయాలూ కూడా ఆ జాబితాలోవే.

నొప్పితో పాటు భోజనం చేసిన ప్రతిసారీ ఉబ్బరం, వాంతి, నొప్పి వచ్చినరోజే తీసిన సీటీలో పేగు కొంచెం మూసుకున్న ఆనవాళ్లు కూడా ఉంటే అది పేగు మూసుకుపోయిన లెక్కలోకి వస్తుంది. అప్పుడు ఆపరేషన్ ఆలోచించదగ్గదే.

పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి

అండాశయానికీ, అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబుకీ మధ్య అతుకులు అడ్డుపడితే అండం ట్యూబులోకి చేరదు. ఇక్కడ పోటీ కీహోల్‌తో విడదీయడానికీ, అండాన్ని బయట ఫలదీకరించి గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్‌కీ మధ్య. వయసు 35 లోపు ఉండి, ట్యూబులు లోపల బాగుండి, అతుకులు పల్చగా ఉంటే, భర్త పరీక్షలు కూడా బాగుంటే కీహోల్ చేయించుకుని మామూలుగా ప్రయత్నించడంలో అర్థం ఉంది. వయసు దాటుతున్నా, అండాల నిల్వ తగ్గినా, ట్యూబులే దెబ్బతిన్నా నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లడం నయం, ఎందుకంటే ఐవీఎఫ్‌కి ట్యూబులతో పని లేదు. ఒక మినహాయింపు ఉంది. ట్యూబు నీరు నిండి ఉబ్బి ఉంటే ఐవీఎఫ్ ఫలితం తగ్గుతుంది కాబట్టి ముందు దాన్ని తీసేయడమో, కట్టేయడమో చేస్తారు. మన ఊళ్లో ఎటు చూసినా సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగులే. వెళ్లే ముందు సంతాన సాఫల్య చికిత్సల్ని నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి.

ఎక్కడ చేయించాలి

ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. చిక్కు కేసులు చూసిన చెయ్యి అక్కడ దొరుకుతుంది. జనం రద్దీ, మంచం కోసం ఎదురుచూపు కూడా అక్కడే. ప్రైవేటులో సీటీ, ఐసీయూ వెంటనే దొరుకుతాయి, బిల్లు కూడా అంతే వేగంగా పెరుగుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచింది. ఆ కార్డు ఉంటే, మీరు వెళ్లే ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో, మీకు చెప్పిన ఆపరేషన్ ప్యాకేజీలో వస్తుందో లేదో ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోవాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత ఆపరేషన్ దాచొద్దు. దాచితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఎమర్జెన్సీలో పోల్చుకునే తీరిక ఉండదు, దగ్గర్లో సీటీ, సర్జన్ ఎక్కడుంటే అక్కడికే. నిలకడగా ఉన్నప్పుడు మాత్రం రెండో అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టొద్దు.

తిండి విషయం

ఒకసారి పేగు మూసుకుని తగ్గాక కొన్ని వారాలు పీచు తక్కువగా, మెత్తగా, కొంచెం కొంచెంగా తినమంటారు. జీవితాంతం పథ్యం అక్కర్లేదు. కానీ ఇరుకైన చోట ఉండలా చిక్కుకునేవి కొన్ని ఉన్నాయి. నారింజ, బత్తాయి తొనల పిప్పి, పచ్చికొబ్బరి ముక్కలు, పుట్టగొడుగులు, సరిగ్గా నమలని మొక్కజొన్న గింజలు అలాంటివి. తేగలు, మునక్కాడ పిప్పి కూడా మింగకుండా ఉంటే మంచిది. వానాకాలంలో ట్యాంక్‌బండ్ మీద కాల్చిన పొత్తు కనబడితే మానేయమని చెప్పను, బాగా నమిలి తినమంటాను. పళ్లు లేని పెద్దవాళ్లకి మాత్రం వద్దు.

ముందు ముందు ఇంకో ఆపరేషన్ ఉంటే

హెర్నియా గానీ, పిత్తాశయం గానీ, మరో సిజేరియన్ గానీ ఉంటే పాత డిశ్చార్జ్ సమ్మరీ, వీలైతే ఆపరేషన్ నోట్స్ కూడా సర్జన్ చేతిలో పెట్టండి. పాత కుట్లున్నచోట కింద పేగు అతుక్కుని ఉండొచ్చని తెలిస్తే, కీహోల్ మొదటి రంధ్రం అక్కడ కాకుండా ఎడమ పక్కటెముకల కింద పెడతారు. అతుకులు తగ్గించే పొరలు, ద్రవాలు కూడా ఉన్నాయి. సెప్రాఫిల్మ్ 1996 నుంచీ అమెరికాలో అనుమతి ఉన్న పొర. ఇలాంటివి అతుకుల్ని తగ్గిస్తాయి కానీ పూర్తిగా ఆపవు. పైగా పేగు కోసి కలిపినచోట సెప్రాఫిల్మ్ చుట్టకూడదు, ఆ కుట్టు కారే ప్రమాదం ఉంది. మీ ఆపరేషన్‌కి పనికొస్తుందా, ఎంతవుతుంది అని ముందురోజే అడగండి. బిల్లులో చూసి ఆశ్చర్యపోవడం కన్నా అది మేలు.

మొదటి కాన్పు సిజేరియన్ అయినవాళ్లు రెండోది మామూలు కాన్పుకి ప్రయత్నించవచ్చా అన్న ప్రశ్న కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ లోపలి అతుకులూ పెరుగుతాయి, మూత్రాశయం గర్భసంచికి అంటుకుంటుంది, తర్వాతి ఆపరేషన్ కష్టమవుతుంది. మొదటిసారి ఎందుకు కోశారు, గర్భసంచి మీద కోత అడ్డంగా పడిందా నిలువుగానా అన్నది ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు తీసుకుని, ముహూర్తం పెట్టించకముందే, అయిదో నెలలోనే డాక్టర్‌తో మాట్లాడితే ఎంచుకోవడానికి వ్యవధి ఉంటుంది.